లాబ్రడార్ తెచ్చుకునే ముందు: మీ ఇంట్లో గిన్నె ఎవరి చేతిలో ఉంటుంది?

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే దంపతులు, ఇంట్లో అరవై ఎనిమిదేళ్ల అత్తగారు. పిల్లలు లాబ్రడార్ కావాలని పట్టుబట్టారు. అమ్మే ఆయన ముప్పై అయిదు రోజుల పిల్లను చూపించి, ఇది డబుల్ బోన్, వారంలో తీసుకెళ్లకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నాడు. నెమ్మదైన కుక్క అంటారు కదా, మా ఇంటికి సరిపోతుందా, మా ఎండలకు తట్టుకుంటుందా, నల్లది తెచ్చుకోవాలా పసుపుదా? ఇవీ మీరు అడిగినవి.

అమ్మా, నేను ఇరవై ఏడేళ్లుగా పశువైద్యం చేస్తున్నాను. మొదట్లో గేదెలు, కోళ్లు. పట్నానికి వచ్చాక ఎక్కువగా కుక్కలే. వాటిలోనూ నా పరీక్ష బల్ల ఎక్కేవాటిలో లాబ్రడార్లదే మొదటి స్థానం. సొంతంగా రెండింటిని పెంచాను. ఆ అనుభవంతో, మీరు అడగని ప్రశ్న ఒకటి ముందుగా నేను అడుగుతాను. మీ ఇంట్లో కుక్క గిన్నె ఎవరి చేతిలో ఉంటుంది?

నవ్వకండి. లాబ్రడార్ మంచితనం గురించి నాకు ఏ అనుమానమూ లేదు. పిల్లల మధ్య పెరగడానికి దానికి సాటి వచ్చే జాతులు తక్కువే. కానీ మన ఇళ్లలో దాని ఆరోగ్యం పాడయ్యేది ఎక్కువగా వంటింటి వైపు నుంచి. భోజనానికి కూర్చుంటే కుక్కకు ఒక ముద్ద తీసిపెట్టడం మనకు తరతరాల అలవాటు. ఊళ్లన్నీ తిరిగే వీధికుక్కకు ఆ ముద్ద చెల్లింది. ముప్పై కిలోల లాబ్రడార్, అదీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఫ్లాటులో ఉండేది, రోజుకు 1200 నుంచి 1300 కేలరీలతో సరిపెట్టుకోవాలి. చిన్న నేతి అన్నం ముద్ద ఒక్కటి దాదాపు 100 కేలరీలు. మీ ఇంట్లో అయిదుగురు. పూటకు తలా ఒక ముద్ద చొప్పున రెండు పూటలు వేసి చూడండి, గిన్నెలో పెట్టే అసలు తిండి లెక్కలోకి రాకముందే రోజు కోటా దాదాపు అయిపోయింది.

నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబానికి రాజా అనే మగ లాబ్రడార్ ఉండేది. మొదటిసారి తూకం వేసినప్పుడు 47 కిలోలు. మగ లాబ్రడార్ సాధారణంగా 29 నుంచి 36 కిలోలు ఉండాలి. ఏం పెడుతున్నారని అడిగితే కోడలుగారు చాలా తక్కువ పెడుతున్నామన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆవిడ పెట్టేది తక్కువే. తాతగారు పొద్దున్నే టీతో పాటు నాలుగు బిస్కెట్లు పెట్టేవారు. మిగిలిన ఇడ్లీలు పనిమనిషి వేసేది. పిల్లలు స్కూలు డబ్బాలో తినకుండా తెచ్చినదంతా బల్ల కింద దానికే. ఎవరికి వారు తాము ఒక్కరే పెడుతున్నామనుకున్నారు. అప్పుడు నేను మందేమీ రాయలేదు. ఒక మూత డబ్బా కొనమన్నాను. రోజు తిండి అంతా పొద్దున్నే కొలిచి అందులో పోయాలి, ఎవరు ఎంత ప్రేమ చూపించాలన్నా ఆ డబ్బాలోంచే తీయాలి, అది ఖాళీ అయితే ఆ రోజుకు ప్రేమ కూడా అయిపోయినట్లే. పద్నాలుగు నెలల్లో రాజా 34 కిలోలకు వచ్చింది. అందరికంటే ఎక్కువ బాధపడింది తాతగారు.

ఈ జాతి ఆకలి వెనుక ఒక కారణం ఉంది. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు లాబ్రడార్లలో పీవోఎంసీ అనే జన్యువును పరిశీలించి, దాదాపు నాలుగింట ఒక కుక్కలో అందులోని ఒక ముక్క లోపించిందని తేల్చారు. కడుపు నిండిందని మెదడుకు చేరే కబురు ఆ లోపం వల్ల సరిగా అందదు. 2024లో మరో సంగతి బయటపెట్టారు. అలాంటి కుక్కలకు రెండు భోజనాల నడుమ ఆకలి ఎక్కువ, పైగా ఊరికే కూర్చున్నప్పుడు అవి ఖర్చు చేసే శక్తి మిగతావాటికంటే పాతిక శాతం దాకా తక్కువ. అందుకే మీ అత్తగారు పాపం, ఆకలిగా చూస్తోంది అన్నప్పుడు ఆవిడ చెప్పింది నిజమే అవుతుంది. అది అరగంట క్రితమే తిన్నదన్న మాట కూడా అంతే నిజం.

తిండి తగ్గిస్తే ఏమవుతుందో కూడా చూశారు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్లు దాటాయి. ఎక్కువ తిన్నవాటి విషయంలో ఆ అంకె 11.2 మాత్రమే. కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటికి చాలా ఆలస్యంగా వచ్చింది. కుక్క ఆయుష్షును దాదాపు రెండేళ్లు పెంచే మందు ఏదీ నా బీరువాలో లేదు.

బరువు చూడటానికి తూకమే అక్కర్లేదు. మీ చేతిని బల్లమీద బోర్లా పెట్టి వేళ్ల వెనుక ఎముకల మీద రెండో చేత్తో నిమరండి. కుక్క పక్కటెముకలు నిమిరితే అలా తగలాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకు వస్తే బక్కచిక్కినట్టు. అరచేతిలా మెత్తగా ఉంటే డబ్బా మూత బిగించాలి.

నోటి సంగతిలోనే మరొకటి. మే, జూన్ నెలల్లో నాకు తప్పకుండా వచ్చే కేసు మామిడి టెంక. మీది నూజివీడు రసాలు దొరికే ప్రాంతం. పిల్లలు చీకి పడేసిన టెంకను లాబ్రడార్ నమలదు, గుటుక్కున మింగుతుంది. అది పేగులో అడ్డం పడితే వాంతులు మొదలవుతాయి. ఎండదెబ్బ అనుకుని మూడు రోజులు మజ్జిగ పట్టించి తీసుకొస్తారు. అప్పటికి పేగు నల్లబడి, టెంకతో పాటు పేగు ముక్కను కూడా కోసి తీయాల్సి వచ్చిన రోజులున్నాయి. మొక్కజొన్న కండెలు, పిల్లల సాక్సులు, ఉడికించిన కోడి ఎముకలు ఇదే కోవలోకి వస్తాయి. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిది దాదాపు ఉండదు. అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పరమాన్నంలో కిస్‌మిస్ కొన్ని కుక్కలకు మూత్రపిండాలు పోగొట్టేంత విషం. చాక్లెట్ సంగతి పిల్లలకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. చెత్తబుట్టకు కాలితో నొక్కితే తెరుచుకునే మూత చాలదు, అది నొక్కడం లాబ్రడార్ వారంలో నేర్చుకుంటుంది. నేను పెంచిన లాబ్రడార్ చిట్టికి రెండు రోజులు పట్టింది.

మరి ఏం పెట్టాలి? పిల్లగా ఉన్నప్పుడు పెద్దజాతి కుక్కపిల్లల కోసమని రాసి ఉన్న తయారీ ఆహారం, కొలిచి. రోజూ పెరుగన్నం మాత్రమే పెట్టి పెంచిన లాబ్రడార్లను చాలా చూశాను. మాంసకృత్తులు చాలక, కండ లేక, వెంట్రుక పాలిపోయి ఉంటాయి. పెరుగన్నం విషమేమీ కాదు, పూర్తి భోజనం కాదంతే. మీ ఇంట్లో మాంసం వండరనుకుంటే ఆ సంగతి కుక్క రాకముందే అత్తగారితో మాట్లాడుకోండి, తయారీ ఆహారాల్లో చాలావాటిలో కోడిమాంసం ఉంటుంది. పూజగదికి, వంటింటికి చిన్న గేటు పెట్టించుకుంటే సగం గొడవలు పుట్టవు. ఆవిడకు ఇష్టం లేకపోతే మాత్రం తేవద్దు. మీరిద్దరూ ఆఫీసుకు వెళ్లాక కుక్కతో రోజంతా ఉండేది ఆవిడే.

ఇక అమ్మే ఆయన సంగతి. డబుల్ బోన్ అన్నది బేరం మాట. శరీరశాస్త్రంలో అలాంటి ఎముక లేదు. లావు కాళ్లు, పెద్ద తల ఉన్న పిల్లను అలా పిలిచి ఎక్కువ ధర చెబుతారు. ఎక్కువ బరువు ఎక్కువ కీళ్లనొప్పులు తెస్తుందని వాళ్లు చెప్పరు. ముప్పై అయిదు రోజుల పిల్లను ఏ ధరకూ తీసుకోకండి. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. నియమం సంగతి అలా ఉంచినా, ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది ఆ మూడు నాలుగు వారాల్లో తోబుట్టువుల దగ్గరే. ముందే విడదీసిన పిల్ల ఆ పాఠం మీ బాబు చేతి మీద నేర్చుకుంటుంది. తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే వచ్చేయండి. పేపర్లు ఉన్నాయంటే అవి చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియావా అని చూడండి. అవి జాతిని చెబుతాయి, ఆరోగ్యానికి పూచీ ఇవ్వవు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు తీయించారా అన్నది అంతకంటే మంచి ప్రశ్న. పది మందిని అడిగితే తొమ్మిది మంది మిమ్మల్ని వింతగా చూస్తారు. తీయించిన ఆ పదో మనిషి దొరికితే రెండు నెలలు ఆగైనా ఆయన దగ్గరే తీసుకోండి.

తుంటి కీలు సరిగా అమరకపోవడం, మోచేతి కీలు లోపం ఈ జాతికి వంశపారంపర్యంగా ఉన్నవే. వాటిని మన ఇళ్లు ఇంకా పెంచుతాయి. నున్నటి టైల్సు నేలమీద పిల్ల కాళ్లు నాలుగు పక్కలకూ జారుతుంటే అందరూ నవ్వుతూ వీడియో తీస్తారు. ఆ వీడియోలు చూస్తే నాకు నవ్వు రాదు. అది తిరిగే దారంతా పాత తివాచీలు, రబ్బరు చాపలు పరవండి. మొదటి మూడు నెలలు మెట్లు దిగనివ్వకండి, ఎత్తుకుని తీసుకెళ్లండి. లిఫ్టు ఉంటే సరేసరి. కుక్కను లిఫ్టులోకి రానివ్వబోమని అసోసియేషన్ వాళ్లు అంటే, పెంపుడు జంతువులను అలా నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని మర్యాదగా చెప్పండి. కింద అది చేసిన మలాన్ని సంచిలోకి ఎత్తే అలవాటు మీకు ఉంటే ఆ వాదన దాకా రాకపోవచ్చు. ఇంకొక మాట, కాల్షియం సిరప్. పెద్ద కుక్క కదా, ఎముకలు బలపడాలని అందరూ పట్టిస్తారు. పెద్దజాతి పిల్లలు ఎక్కువైన కాల్షియాన్ని బయటికి నెట్టలేవు, అది ఎముకల పెరుగుదలనే చెడగొడుతుంది. సరైన ఆహారం తినే పిల్లకు ఆ సీసా అక్కర్లేదు. దుకాణంలో ఉచితంగా ఇచ్చినా వద్దు.

నెమ్మదైన కుక్క అన్నది ఎక్కడ చూసి అన్నారో ఊహించగలను. ఎవరింట్లోనో అయిదేళ్ల లాబ్రడార్ సోఫా పక్కన పడుకుని ఉంటుంది, లేదా రైల్వే స్టేషనులో పోలీసు జాగిలం ఒద్దికగా కూర్చుని ఉంటుంది. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లోని పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రం నుంచి వచ్చే జాగిలాల్లో లాబ్రడార్లూ ఉంటాయి. వాటికి నెలల తరబడి శిక్షణ, ఆ తర్వాత రోజూ పని. ఈ జాతి పుట్టిందే పనికి. పేరు కెనడాలోని లాబ్రడార్ ప్రాంతానిదే అయినా దీని పూర్వీకులు ఆ పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో చేపలవాళ్ల కుక్కలు. గడ్డకట్టే నీళ్లలో దూకి తాళ్లు, వలలు, జారిపోయిన చేపలు నోట కరచుకుని తెచ్చేవి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు దొరలు వాటిని తెప్పించుకుని వేటలో పడిన పక్షులను తేవడానికి అలవాటు చేశారు. లండన్ కెన్నెల్ క్లబ్ 1903లో ప్రత్యేక జాతిగా గుర్తించింది. మీ చెప్పు దాని నోట్లో ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా. ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల దాకా దానికి రోజూ రెండు విడతల నడక, పది నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు ఏదో ఒక నేర్పు కావాలి. లేకపోతే పని అదే వెతుక్కుంటుంది. సోఫా మొదట దొరుకుతుంది.

ఆ వయసులోనే మీ అత్తగారి విషయం జాగ్రత్త. పాతిక కిలోల కుక్క ప్రేమతో ఎగిరి రొమ్ము మీద కాళ్లు పెడితే ఆవిడ పడిపోతారు. ఇలా తుంటి విరిగిన పెద్దవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. కుక్కకు కోపం లేదు, దురుద్దేశం లేదు, ఎముక మాత్రం విరిగింది. కాబట్టి మొదటి రోజు నుంచే నాలుగు కాళ్లూ నేలమీద ఉన్నప్పుడే పలకరింపు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు సిట్ అని, ఒకరు కూర్చో అని, మరొకరు బజ్జో అని అంటే దానికి ఏదీ రాదు. పిల్లలకు రెండు నియమాలు చాలు: తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదు. ఎంత మంచి కుక్కయినా ఆరేళ్ల బాబుతో ఒంటరిగా వదలకండి. పన్ను గీసుకుంటే, టీకాలు వేసిన ఇంటి కుక్కే అయినా, సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి డాక్టరుకు చూపించాలి.

ఎండల గురించి. చలినీళ్ల కోసం తయారైన రెండు పొరల బొచ్చుతో అది మీ ఊరి మే నెలను భరించాలి. తట్టుకుంటుంది, మీరు తట్టుకోనిస్తే. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు, రొప్పడం ఒక్కటే దాని దారి. ఉక్కపోతలో ఆ దారి కూడా సగం మూసుకుపోతుంది. ఫ్యాను గాలి మనకు ఇచ్చినంత హాయి దానికి ఇవ్వదు. వేసవిలో నడక పొద్దున్న ఆరులోపు, రాత్రి ఎనిమిది తర్వాత. రోడ్డు మీద అరచేయి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఉంచలేవు. మధ్యాహ్నం ఒక గదిలో ఏసీ లేదా కూలరు నడవాలి, ఆ కరెంటు ఖర్చు ముందే వేసుకోండి. వేసవి కదా అని గుండు గీయించకండి. ఆ బొచ్చు ఎండను కూడా అడ్డుకుంటుంది. ఊడే వెంట్రుకలు దువ్వి తీస్తే చాలు. ఊడటం మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది, పట్టుచీరల బీరువా మూసి పెట్టుకోండి.

కుక్క తూలుతూ, నాలుక ముదురు ఎరుపెక్కి, జొల్లు చిక్కగా కారుతుంటే నాకు ఫోను చేసేముందే కుళాయి కింద పెట్టండి. ఒంటి నిండా నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వండి, ఆ తర్వాతే కారు ఎక్కించండి. దాని మామూలు వేడి సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్, 41 దాటితే అవయవాలు దెబ్బతింటాయి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

మిగతావి క్లుప్తంగా. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల దాకా, రేబిస్ టీకా మూడు నెలలకు. ఆ వరస పూర్తయ్యేదాకా వీధిలో కింద దించకండి, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే బతికించడం కష్టం. పిడుదులకు నెలనెలా మందు మానకండి. వాటి వల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. లాబ్రడార్ ఒక పూట తిండి మానిందంటే అది అలక కాదు, అదే రోజు తీసుకురండి. వేలాడే చెవుల్లో వానాకాలం చీము పడుతుంది, వారానికోసారి వాసన చూడండి. ఆడకుక్కకు ఆపరేషన్ తొందరపడి ఆరు నెలలకే చేయించకండి, ఈ జాతికి అది కీళ్ల సమస్యలు పెంచుతుంది. అలాగని ఎప్పటికీ వాయిదా వేస్తే గర్భసంచిలో చీము చేరే ప్రమాదం ఉంది. ఏడాది దాటాక మీ వైద్యుడితో కూర్చుని తేల్చుకోండి.

ఇంతకీ తెచ్చుకోవాలా? ఇప్పుడే పిల్లను మాత్రం వద్దంటాను. రెండు నెలల పిల్లకు రెండు మూడు గంటలకోసారి ఎవరో ఒకరు కావాలి. ఆ భారమంతా అత్తగారి మోకాళ్ల మీద పడుతుంది. దానికి బదులు ఒక పని చేయండి. ఈ రోజు నుంచి నెల రోజులు, కుక్క లేకుండానే, ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున్న అయిదున్నరకు నలభై నిమిషాలు, రాత్రి ఎనిమిదింటికి నలభై నిమిషాలు నడవండి. వాన పడినా, పిల్లలకు పరీక్షలున్నా, చుట్టాలొచ్చినా. క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ముప్పైలో ఇరవై ఎనిమిది గుర్తులు పడితే మీ ఇంటికి లాబ్రడార్ వస్తుంది, నేనే వెతికి పెడతాను. పదిహేనుకే ఆగిపోతే పిల్లలే ఆ సంగతి ఒప్పుకుంటారు, మీరు వద్దనాల్సిన అవసరం రాదు. ఈ పరీక్ష పెట్టిన ఇళ్లలో సగం పైగా ఆగిపోయాయి.

నెగ్గితే రెండు మూడేళ్ల పెద్ద కుక్కను తెచ్చుకోండి. విదేశాలకు వెళ్లేవారు, చిన్న ఇంటికి మారేవారు వదులుకునే లాబ్రడార్లు ఊరూరా ఉంటాయి. సోఫాలు కొరికే వయసు అప్పటికి దాదాపు గడిచిపోయి ఉంటుంది, స్వభావం తెలిసిపోతుంది, అత్తగారితో ఎలా ఉంటుందో ఒక వారం చూసి నిర్ణయించుకోవచ్చు. పిల్లప్పటి నుంచి పెంచితేనే విశ్వాసం అంటారు. లాబ్రడార్ విషయంలో ఆ మాట చెల్లదు. తిండి డబ్బా ఎవరి దగ్గర ఉందో మూడో రోజుకు దానికి తెలుస్తుంది. కాపలా కోసం అయితే మాత్రం ఆశ పెట్టుకోకండి. దొంగ బిస్కెట్ తెస్తే బీరువా దారి చూపిస్తుంది.

చివరిగా రంగు, పాపకు నలుపు, బాబుకు పసుపు అన్నారు కదా. ఆ రెండింటి స్వభావంలో తేడా లేదు. బ్రిటన్ వైద్యశాలల రికార్డులతో 2018లో వచ్చిన ఒక పరిశోధనలో చాక్లెట్ రంగువాటిలో సగం 10.7 ఏళ్లు, మిగతావాటిలో సగం 12.1 ఏళ్లు దాటినట్టు తేలింది. కాబట్టి ఆ మూడో రంగుకు ఎక్కువ డబ్బు పెట్టకండి. నలుపు అరిష్టమని కొందరు వదిలేస్తారు, కాలభైరవుడని కొందరు అదే కావాలని వస్తారు. మా చిట్టి నల్లదే, పదమూడేళ్లు బతికింది. పాప మాటే నెగ్గితే హాల్లో రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. చీకట్లో నల్ల లాబ్రడార్ నల్ల గ్రానైటు మీద పడుకుంటే కనిపించదు, దాని తోక తొక్కి నేను రెండుసార్లు బోర్లా పడ్డాను.